తూచ్ అన్న మనిషి

మొన్న ఆదివారం సాయంత్రం మా వీధిలో పిల్లలు ఒకరినొకరు తరుముకుంటూ ఆడుతున్నారు. పక్కింటి బుడ్డోడు కాలు జారి కిందపడ్డాడు. వెనకాలే వస్తున్న పిల్ల వాడి చొక్కా పట్టుకుని వీపు మీద ఒక్కటి వేయబోయింది. వాడు చేతులు అడ్డం పెట్టుకుని "తూచ్! తూచ్!" అని అరిచాడు. ఆ పిల్ల ఎత్తిన చేతిని ఎత్తినట్టే ఆపేసింది.

చూస్తే ఇంతే సంగతి. గుమ్మంలో చిక్కుడుకాయలు ఒలుస్తూ కూర్చున్నదాన్ని, చేట పక్కన పెట్టి ఏడ్చాను. మా అబ్బాయి వంశీ బయటికి వచ్చి ఏమైందని అడిగితే, కంట్లో చిక్కుడు నార పడిందన్నాను. ఎనిమిదో తరగతి చదివేవాడు నమ్ముతాడా? "పెద్దనాయిన యాదికొచ్చిండా?" అని అడిగి, జవాబు కోసం చూడకుండా లోపలికి వెళ్ళిపోయాడు.

వాడి పెద్దనాయన అంటే మా అక్క భర్త, మా బావ. పోయిన చలికాలంలో పోయాడు. అరవై దాటినా "తూచ్" అనే మాటను వదలని మనిషి ఆయన ఒక్కడే నాకు తెలుసు. పిల్లలకు ఆ మాట ఆట వరకే పనికొస్తుంది. ఇది చెల్లదు, ఇంతటితో ఆపు అని. ఆయనకు అది అన్నిటికీ పనికొచ్చేది.

ఆయన నోట ఆ మాట మొదట విన్నది అక్క పెళ్ళిలో. అప్పటికి నేను లంగా వోణీ కూడా ఎరగను. తాళి కట్టడం అయ్యాక బిందెలో ఉంగరం వేసి పెళ్ళికూతురినీ పెళ్ళికొడుకునీ తీయమన్నారు. మొదటిసారి అక్కకే దొరికింది. రెండోసారీ అక్కకే. మూడోసారి కూడా అక్క చెయ్యి పైకి లేవగానే, పెళ్ళికొడుకు బిందె అంచు మీద వేలి మెటికతో టక్ టక్‌మని రెండు దెబ్బలు కొట్టి, అరచెయ్యి వెల్లకిలా చాచి, "తూచ్! బిందెల నీళ్ళు ఎక్కువైనయి, మళ్ళ ఆడుదాం" అన్నాడు. యాలాల నుంచి వచ్చిన వాళ్ళ మేనత్త నెత్తి మీద మొట్టికాయ వేసింది. "నీ మొకం మండ, పెండ్లిల తూచ్ అంటర్రా?" అని. పందిరంతా నవ్వింది. అక్క మాత్రం నవ్వకుండా, చాచిన ఆ అరచేతిలో ఉంగరం పెట్టింది. ఆ రోజు నుంచీ నేను ఆయన జట్టు.

మెటికతో కొట్టడం బావ ఉండే తాండూరులో నాపరాతి బండల పని చేసేవాళ్ళందరికీ ఉన్న అలవాటే. బండ మంచిదైతే ఖంగుమంటుంది, లోపల పగులుంటే మొద్దుగా పలుకుతుంది. బావ ఇంటి పొలాన్ని తమ్ముళ్ళకు విడిచి బండల పాలిష్ మిషను పెట్టుకున్నాడు కాబట్టి ఆయనకూ వచ్చింది. కానీ ఆయన బండలతో ఆగలేదు. ఎవరింటికి పోయినా గచ్చు మీద కొట్టేవాడు. బస్సు కిటికీ మీద, పుచ్చకాయ మీద, మా వంశీ నెత్తి మీద కొట్టేవాడు. "మంచి బండనే, టీచరమ్మా. పగుల్లేదు" అని నాకు సర్టిఫికెట్ ఇచ్చేవాడు. నేను వికారాబాద్‌లో సైన్సు టీచర్ని అయిన నాటి నుంచి ఆయనకు నేను టీచరమ్మనే. నా పేరు మర్చిపోయాడేమో అనిపించేది.

ఇంకో అలవాటు ఊదడం. కుర్చీలో కూర్చునే ముందు ఊదేవాడు. చేతికి పేపరు ఇస్తే ఊదేవాడు. టీ గ్లాసు మీదా ఊదేవాడు, చల్లార్చడానికి కాదు, దుమ్ము పడి ఉంటుందని. ఒకసారి నేను కొత్త పట్టుచీర కట్టుకుని పోతే భుజం మీద ఉఫ్‌మని ఊది, "గిప్పుడు మంచిగున్నది" అన్నాడు. ముప్పై ఏళ్ళకు పైగా బండల దుమ్ములో బతికినవాడికి లోకమంతా దుమ్ము కప్పుకున్నట్టే కనిపించేదేమో. అంత దుమ్మును ఊదిపారేసిన మనిషి, మిషను దగ్గర మాత్రం మూతికి గుడ్డ కట్టుకోలేదు. మెడలో ఎప్పుడూ తడి తువ్వాల ఉండేది. "గది జర మూతికి కట్టుకోరాదు బావా" అంటే, "మూతికి కడితె మాట్లాడుడెట్ల?" అనేవాడు. మిషను రొదలో వినపడాలని అరిచి అరిచి ఆయన గొంతు పెళ్ళి బ్యాండంత పెద్దదైపోయింది. ఫోన్‌లో మాట్లాడితే తాండూరు నుంచి ఫోన్ అక్కర్లేకుండానే వినిపించేది.

దగ్గు మొదలయ్యాక కూడా దాన్ని వెటకారం చేశాడు. "దుమ్ముల బతికినోనికి దమ్ము రాక దర్బారొస్తదా?" అన్నాడు. మెట్లెక్కేటప్పుడు మధ్యలో కూర్చుండిపోయి మెట్టు మీద మెటికతో కొట్టేవాడు. "ఇది మన తాండూరుది గాదు, కర్నాటక బండ" అనేవాడు. ఒకరోజు మా ఇంటి మెట్ల మీద కూడా అదే మాట అన్నాడు. ఆ బండలు ఆయన మిషను మీద పాలిష్ అయి వచ్చినవే. అప్పుడు అర్థమైంది నాకు, ఆయన బండను చూడటం లేదు, ఊపిరి కూడదీసుకుంటున్నాడని. ఆ తర్వాత ఆయన మెట్టు మీద కూర్చుంటే నేనూ పక్కన కూర్చుని, "అవునా బావా, కర్నాటకదేనా?" అనేదాన్ని.

ఇక తూచ్ సంగతి. కొడుకు మహేశ్ కూతురు సింధు, మా వంశీ సెలవులకు ఒకచోట చేరితే బావ వాళ్ళతో అష్టాచెమ్మా ఆడేవాడు. ఓడిపోయే సమయానికి గచ్చు మీద మెటికతో రెండు దెబ్బలు, అరచెయ్యి పైకి, "తూచ్!" అంతే, చింతగింజలన్నీ కలిపేసేవాడు. "తొండి! తాత తొండి!" అని సింధు ఆయన మీద పడి పిడిగుద్దులు గుద్దేది. కానీ ఆయనకు ఒక చట్టం ఉంది. ఎదుటివాళ్ళు తూచ్ అంటే తానూ ఆగాలి. గెలిచే ఆట అయినా సరే, ఇంకొక్క పందెం పడితే పండే కాయ అయినా సరే, పిల్లలు రెండు దెబ్బలు కొట్టి చెయ్యి చాచితే ఆయన గవ్వలు కింద పెట్టేసేవాడు. "తూచ్ అన్నంక కొట్టినోడు మనిషి గాడు" అనేవాడు. ఆయనకు తెలిసిన వేదాంతం అదొక్కటే.

అక్కతో గొడవ పడినా అదే. మా ఇళ్ళలో మగవాళ్ళు తప్పైందని అనరు, నాలుక తిరగదు. ఒక పండుగనాడు కూరలో ఉప్పు ఎక్కువైందని బావ కంచం విసిరేశాడు. అక్క రెండు రోజులు మాట్లాడలేదు. మూడోనాడు పొద్దున వంటింటి గడప దగ్గర గొంతుక్కూర్చుని, గడప మీద రెండు దెబ్బలు కొట్టి, అరచెయ్యి చాచాడు. నోటితో ఏమీ అనలేదు. అక్క చాలాసేపు చూసి, ఆ చేతిలో టీ గ్లాసు పెట్టింది. ఆయన దాని మీద ఊది తాగాడు. నేను కళ్ళారా చూశాను కాబట్టి చెబుతున్నాను, సారీలు చెప్పుకునే ఇళ్ళలో కూడా అంత చక్కటి రాజీ చూడలేదు.

రోబోల కొట్లాట వార్త తెచ్చింది వంశీ. వికారాబాద్ దాటి హైదరాబాద్ పోయే దారిలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పోటీ. బడి పిల్లలకు వేరే విభాగం ఉంది. పిల్లలు సొంతంగా చిన్న రోబో చేసుకుని రావాలి. గాజులాంటి గోడల పెట్టెలో రెండు రోబోలను వదులుతారు. ఏది కదలకుండా పోతే అది ఓడినట్టు. వేసవి సెలవుల్లో వంశీ, సింధు తాండూరులో బావ షెడ్డులో కూర్చుని తయారు చేశారు. కారు అద్దాలు తుడిచే పాత మోటార్లు రెండు, నాలుగు చక్రాలు, రిమోటు. ముందు వైపు రేకు బిగిద్దామని పిల్లలు అనుకుంటుంటే బావ అడ్డొచ్చాడు.

"రేకెందుకు? తాండూరోళ్ళమై ఉండి రేకు పెడితె నలుగుట్ల నవ్వరా? బండ పెడుదాం."

"బండ బరువే గాని దెబ్బకు ఆగదు బావా," అన్నాను నేను. "రేకు వంగుతది. బండ పగులుతది."

"పగులున్న బండ పగులుతది, టీచరమ్మా. మంచి బండకు ఏం గాదు."

సైన్సు ఆయన ముందు చెల్లలేదు. నాపరాయి పలకను తానే కోసి, పాలిష్ పట్టి, బోల్టులతో బిగించాడు. మెటికతో కొట్టి, చెవి పెట్టి విన్నాడు. సింధు చేతా కొట్టించి వినిపించాడు. రోబోకు పేరు కూడా బండ అనే పెట్టారు. రోబోల కొట్లాటకు రాతి పలక కట్టుకుని పోయింది ఈ దేశంలో మా తాండూరు వాళ్ళే అయి ఉంటారు.

కాలేజీ మెట్ల మీద బావ రెండుచోట్ల కూర్చున్నాడు. రెండుచోట్లా మెట్టు కర్నాటకదే అయింది. లోపల పెద్ద హాలు, చెవులు పగిలే పాటలు. మైకు పట్టుకున్న కుర్రాడు మా పేరు చదివి, "బండ! అబ్బో, పేరుకు తగ్గట్టే ఉంది" అని నవ్వించాడు. బావ కూడా గట్టిగా నవ్వాడు. ఆట మొదలయ్యే ముందు ఒక స్టూడెంటు వచ్చి పిల్లలకు నియమాలు చెప్పాడు. ఇక చాలు, ఆట వదిలేద్దాం అనిపిస్తే ముందున్న బల్ల మీద కొట్టాలి. కొడితే అవతలి జట్టు వెంటనే ఆపేయాలి. బావ మొహం వెలిగిపోయింది. "గిది మన తూచే గదా! ఇంజనీర్లు గూడ మన దిక్కే వచ్చిండ్రు" అని సింధు వీపు చరిచాడు.

మొదటి ఆట గెలిచాం. అవతలి రోబో తేలికది. మా బండను నెట్టలేక నెట్టలేక చక్రాల నుంచి పొగలు కక్కి ఆగిపోయింది. బావ కుర్చీ మీదికి ఎక్కబోయి, దగ్గు తెర వచ్చి కూర్చున్నాడు. దగ్గుతూనే నా వైపు వేలు చూపించి, "ఏం టీచరమ్మా, పగిలిందా?" అన్నాడు. చాలా రోజుల తర్వాత అంత సంతోషంగా ఉన్నాడు. ఆ మొహం నాకు అట్లాగే గుర్తుండిపోతే బాగుండేది.

రెండో ఆటలో ఎదురైన రోబోకు ముందు ఇనుప రెక్క ఉంది. అది గిరగిరా తిరుగుతుంటే హాలంతా మిషను రొద. మొదటి దెబ్బకే బండ మూల ఎగిరిపోయింది. రెండో దెబ్బకు పలక నడుమ చీలింది. మూడో దెబ్బకు మా రోబో పక్కకు పడి, ఒక చక్రం మాత్రం గాలిలో తిరుగుతూ ఉంది. బల్ల దగ్గర రిమోటు పట్టుకుని నిలబడిన సింధు మొహం పాలిపోయింది. ఆ పిల్ల బల్ల మీద రెండు దెబ్బలు కొట్టింది.

అరచేత్తో కొట్టలేదు. ఇంట్లో నేర్చుకున్నట్టే, మెటికతో, మెల్లగా, టక్ టక్ అని. కొట్టి అరచెయ్యి వెల్లకిలా చాచి నిలబడింది, ఎదుటివాళ్ళు ఆగుతారని.

ఎవరికి తెలుస్తుంది? పాటల రొదలో ఎవరికి వినపడుతుంది? అవతలి పిల్లలు ఇటు చూడనే లేదు. ఈల పట్టుకున్న కుర్రాడు పెట్టెలోకే చూస్తున్నాడు. సింధు "తూచ్! తూచ్!" అంటూనే ఉంది. ఆ ఇనుప రెక్క మా బండను కొడుతూనే ఉంది. చీలిన పలక పొడి పొడి అయి పెట్టె లోపల తెల్లగా దుమ్ము లేచింది. లైట్ల వెలుగులో ఆ దుమ్ము గోడల నిండా కమ్ముకుంది.

బావ లేచి పెట్టె దాకా నడిచాడు. ఆ దుమ్మును చూసి మెడలోని తువ్వాలతో గబుక్కున సింధు ముక్కూ నోరూ మూశాడు. మధ్యలో అంత మందం గోడ ఉంది, దుమ్ము ఇటు రాదు. ఆయన ఒక ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టడం నా జన్మలో అదొక్కసారే చూశాను. రెండో చేత్తో గోడ మీద దబదబా గుద్దాడు.

"ఆపుండ్రి! పిల్ల తూచ్ అన్నది! ఇనవడతలేదా మీకు?"

అప్పుడు ఈల మోగింది. ఆ కుర్రాడు పరుగెత్తుకొచ్చి, "సార్, గోడను కొట్టొద్దు. వదిలేయాలంటే బల్ల మీద గట్టిగా కొట్టాలని చెప్పాం కదా సార్" అన్నాడు మర్యాదగానే. బావ వాడి వంక చూశాడు, ఏదో అనబోయాడు. దగ్గు ఆయన్ను కుదిపేసింది. వంశీ, నేను చెరో రెక్కా పట్టుకుని బయటికి తెచ్చాం. సింధు చేతుల్లో వైర్లు తెగిన మోటార్లు, రాతి ముక్కలు ఉన్నాయి.

తాండూరు రైలు కోసం వికారాబాద్ స్టేషన్‌కు వచ్చాం. అవతలి ప్లాట్‌ఫారానికి పోవాలంటే వంతెన ఎక్కాలి. బావ సగంలో ఆగి మెట్టు మీద కూర్చున్నాడు. మెట్టు మీద కొట్టలేదు, అది ఏ ఊరిదో చెప్పలేదు. ఆ రోజే నాకు భయం పుట్టింది. సింధు పక్కన కూర్చుని వెక్కుతూ అంది, "నేను గట్టిగ కొట్టాల్సుండె తాతా."

"తూచ్‌ను గట్టిగ కొట్టరు బిడ్డా. గట్టిగ కొడితె అది కొట్లాటైతది."

"మరి వాండ్లకు ఇనవడలే."

"నువ్వు జెప్పినవు. ఇననిది వాండ్లు." కొంచెంసేపు ఊపిరి తీసుకుని మళ్ళీ అన్నాడు. "ఓడుడు తప్పు గాదు. గా రోబో పండుకున్నంక గూడ కొట్టిండ్రు సూడు, గది తప్పు."

రాతి ముక్క ఒకటి చేతిలోకి తీసుకుని దాని మీద ఊదాడు. దుమ్ము పోలేదు. మళ్ళీ ఊదాడు. నేను చూడనట్టు రైలు వచ్చే దిక్కుకు తిరిగాను.

ఆ తర్వాత అన్నీ త్వరగా జరిగాయి. డాక్టరు ఒక ప్లాస్టిక్ డబ్బా ఇచ్చాడు, లోపల మూడు రంగుల గోలీలు. గొట్టం నోట్లో పెట్టుకుని ఊపిరి గట్టిగా లోపలికి లాగితే అవి పైకి లేవాలి. "ఊదుడైతె వచ్చు గాని పీల్చుడు నాకెక్కడిది సార్?" అన్నాడట బావ. ఒక్క గోలీ కూడా లేవలేదు. దుమ్ము ఊపిరితిత్తుల్లో గడ్డకట్టుకుపోయిందని, అది వెనక్కి రాదని చెప్పారు. ఇంట్లో ఆక్సిజన్ మిషను పెట్టారు. అది రాత్రింబవళ్ళు గుర్రుమంటుంటే, "షెడ్డుల మిషను బందైంది, ఇంట్ల మిషను షురువైంది" అన్నాడు. గొంతు అప్పటికే చిన్నదైపోయింది. ఫోన్‌లో మాట్లాడితే ఏమన్నాడో రెండుసార్లు అడగాల్సి వచ్చేది.

చలికాలంలో ఒకరోజు ఊపిరి అందక నీలంగా మారిపోతే హైదరాబాద్ తీసుకుపోయారు. గొంతులో గొట్టం వేసి పెద్ద మిషనుకు తగిలించారు. ఇక మాట లేదు.

అక్కడి డాక్టరు మహేశ్‌ను పిలిచి ఉన్నదున్నట్టు చెప్పాడు. మిషను తీస్తే ఉండరు. ఉంచితే కొన్నాళ్ళు గడుస్తాయి, కానీ లేచి ఇంటికి రారు. గుండె ఆగితే మళ్ళీ కొట్టించే ప్రయత్నం చేయాలా వద్దా అన్నది కూడా ఇంటివాళ్ళే ఆలోచించుకోవాలి. మహేశ్ ఆలోచించలేదు. "అన్నీ జెయ్యండి సార్" అన్నాడు. చూడవచ్చిన చుట్టాలు అందరూ, పెద్దాయన పోరాడుతున్నాడు అన్నారు. నాకు ఒళ్ళు మండేది. మంచానికి కట్టేసిన మనిషి ఎవరితో పోరాడతాడు?

కట్టేయడం నిజమే. ఆయన కుడి చెయ్యి ఊరుకునేది కాదు. మంచం పక్క ఇనుప కమ్మీ మీద మెటికతో టక్ టక్‌మని రెండు దెబ్బలు, అరచెయ్యి వెల్లకిలా. మళ్ళీ రెండు దెబ్బలు, మళ్ళీ అరచెయ్యి. గొట్టం లాగేసుకుంటాడేమోనని నర్సులు మణికట్టును మెత్తటి గుడ్డతో వదులుగా కట్టారు. వాళ్ళ తప్పేం లేదు, వాళ్ళకేం తెలుసు? కట్టినా ఆ వేలు కమ్మీ దాకా పోయేది.

"గది నాయినకు అలవాటు గద చిన్నమ్మా," అన్నాడు మహేశ్. "బండ సూస్తున్నననుకుంటుండు."

అక్క అట్లా అనుకోలేదు. లోపలికి పోయినప్పుడల్లా ఆ చాచిన అరచేతిలో తన చెయ్యి పెట్టి, ఆయన చెవి దగ్గర వంగి, "ఏం తప్పు జేసినవని అడుగుతున్నవు? గయన్ని ఎప్పుడో మాఫ్ జేసిన. నువ్వు పరేషాన్ గాకు" అనేది. ఆయన చెయ్యి విడిపించుకుని మళ్ళీ కొట్టేవాడు. అక్క మళ్ళీ మాఫీ చేసేది. గడప దగ్గరి టీ గ్లాసు గుర్తొచ్చి నాకూ అదే నిజమనిపించింది. అయినా మనసు ఊరుకోలేదు. "ఆయన్నే ఒక్కసారి అడుగు మహేశా, ఇనవడుతది" అన్నాను.

"ఏమని అడగాలె చిన్నమ్మా? సస్తవా అని అడగాల్నా?" వాడి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "మా నాయినను నా నోటితోని నేను సంపుకోవాల్నా?"

 

ఆదివారం మధ్యాహ్నం సింధును తీసుకొచ్చారు. తాతను చూడకపోతే అన్నం తినను అని కూర్చుందట. పిల్లల్ని లోపలికి రానివ్వరు. తలుపుకు ఉన్న గాజు పలక లోంచి చూడమన్నారు. నేను పక్కన నిలబడ్డాను. లోపల బావ చెయ్యి కదిలింది. రెండు దెబ్బలు. అరచెయ్యి.

సింధు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"చిన్ననానమ్మా, తాత తూచ్ అంటుండు."

ఇంతమందిమి, అందరం చదువుకున్నవాళ్ళం, అందరం ఆయనకు కావలసినవాళ్ళం. ఆయన బండ చూస్తున్నాడని ఒకరం, మాఫీ అడుగుతున్నాడని ఒకరం. ఆట ఆపమంటున్నాడని ఆ పిల్లకు తప్ప ఎవరికీ తట్టలేదు. సింధు తండ్రి దగ్గరికి పరుగెత్తింది. "నాన్నా, తాత సాలంటుండు. తూచ్ అంటుండు. అంటే ఆగాలె గదా, తాతనే జెప్పిండు గదా!" మహేశ్ కూతురి మొహంలోకి చూశాడు. చిన్నప్పుడు ఆ చింతగింజల మధ్యే పెరిగినవాడు. మొహం తుడుచుకుని, "డాక్టర్ సార్ ఏడున్నడో సూస్తా" అని మెట్ల వైపు పోయాడు.

వాడు మెట్లు దిగి ఉంటాడో లేదో, లోపల మిషను కూత మొదలైంది. నలుగురైదుగురు పరుగున వచ్చి మంచం చుట్టూ మూగారు. ఒకతను స్టూలు ఎక్కి, రెండు చేతులూ కలిపి బావ రొమ్ము మీద బలంగా కొట్టినట్టు ఒత్తసాగాడు. అది గుండెను మళ్ళీ ఆడించడానికని నాకు తెలుసు, బడిలో పాఠం చెప్పినదాన్నే. అన్నీ చేయమన్నారు, వాళ్ళు అన్నీ చేస్తున్నారు. ఒక్కొక్క దెబ్బకూ బావ ఒళ్ళు మంచం మీద ఎగిరెగిరి పడుతోంది. కట్టి ఉన్న కుడి చెయ్యి అరచెయ్యి వెల్లకిలానే ఉంది.

"తూచ్ అన్నడు గదా," అంది సింధు. "అన్నంక గూడ ఎందుకు కొడుతుండ్రు?"

నేను ఆ పిల్ల కళ్ళు మూయబోయాను. నా చెయ్యి తోసేసి, గాజు మీద మెటికతో రెండు దెబ్బలు కొట్టింది, మెల్లగా, తాత నేర్పినట్టే. కొట్టి అరచెయ్యి చాచి నిలబడింది. లోపల ఎవరూ తల తిప్పలేదు. మహేశ్ డాక్టరును తీసుకుని వచ్చేదాకా, వచ్చి వద్దని చెప్పేదాకా, వాళ్ళు కొడుతూనే ఉన్నారు.

అక్క ఇప్పటికీ, తనను మాఫీ అడిగి పోయాడనే అందరికీ చెబుతుంది. ఆ మాటతోనే పొద్దు గడుపుతోంది కాబట్టి ఎవరం కాదనం. మొన్న సెలవులకు సింధు మా ఇంటికి వచ్చింది. వంశీతో అష్టాచెమ్మా ఆడుతూ ఘోరంగా ఓడిపోతోంది. వాడి కాయలన్నీ పండాయి, ఒక్కటి మిగిలింది. వంశీకే జాలేసి, "తూచ్ అను, మళ్ళ ఆడుదాం" అన్నాడు. అనలేదు. వాడి చివరి కాయ పండేదాకా గవ్వలు వేస్తూనే ఉంది.

"అనరాదు బిడ్డా," అన్నాను.

సింధు తల ఎత్తకుండానే, "అంటె మాత్రం ఎవలు ఆగుతరు చిన్ననానమ్మా?" అంది.